బడ్డీ కొట్టుకు లైసెన్సు కావాలి, భవనం కట్టించే మేస్త్రికి అక్కరలేదా?

విజయనగరం: 2014 జూన్ 28న చెన్నై నగర శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. మృతుల్లో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వారు ఎందరో ఉన్నారు. 2016 డిసెంబరు 8 రాత్రి హైదరాబాదు నానక్‌రాంగూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం నేలమట్టమైంది. 11 మంది చనిపోయారు. అక్కడా మన జిల్లా కూలీలే, ఛత్తీస్‌గఢ్ కూలీలే. ఒకటి తమిళనాట, ఇంకొకటి తెలంగాణలో. శవాలు మాత్రం మన పల్లెలకు వచ్చాయి.

ఈ దుర్ఘటనలు జరిగినప్పుడల్లా మంత్రులు వస్తారు, నష్టపరిహారం ప్రకటిస్తారు, విచారణకు ఆదేశిస్తారు. మౌలివాక్కం భవనం పిడుగుపాటువల్ల కూలిందని మొదట్లో కట్టించినవారు చెప్పారు. కాదు, నిర్మాణంలో లోపాలే కారణమని విచారణ సంఘం తేల్చింది. ఇదంతా బాగానే ఉంది. కాని ఒక ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. ఆ పనిని చేతిలోకి తీసుకున్న కాంట్రాక్టరుకు, అతని కింద పని చేయించిన మేస్త్రికి అటువంటి భవనం కట్టించే అర్హత ఉందా లేదా అని పని మొదలు కాకముందే చూసినవారెవరు?

నగరంలో బడ్డీ కొట్టు పెట్టుకుంటే ట్రేడు లైసెన్సు కావాలి. లారీ నడపాలంటే డ్రైవింగు లైసెన్సు కావాలి. అదే భవనంలో కరెంటు వైరు లాగాలన్నా వైర్‌మన్ పర్మిట్టు ఉన్నవాడు, లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు కావాలి. ఆ భవనాన్ని మోసే స్తంభం పోయించే మేస్త్రికి మాత్రం ఏ పరీక్షా లేదు, ఏ పర్మిట్టూ లేదు. ఇది ఎక్కడి న్యాయం?

సర్కారు పనికి ఒక రూలు, ప్రైవేటు పనికి ఇంకొకటి

లైసెన్సులే లేవని ఈ వ్యాసకర్త అనడం లేదు. ఉన్నాయి. ప్రభుత్వ పని చేయాలంటే సివిల్ కాంట్రాక్టరుగా పేరు నమోదు చేయించుకోవాలి. అయిదో క్లాసు నుంచి ఒకటో క్లాసు వరకు, దానిపైన స్పెషల్ క్లాసు. ఏ క్లాసు వాడు ఎంత విలువైన పనికి టెండరు వేయవచ్చో నిర్ణయించారు. పై క్లాసుకు పోవాలంటే ఇంతకుముందు చేసిన పనుల అనుభవం చూపాలి, బ్యాంకు నుంచి ఆర్థిక స్తోమత పత్రం తేవాలి. టెండరుతోపాటు ధరావతు కట్టాలి. పని నాసిరకంగా ఉంటే బిల్లులో పట్టి ఉంచిన సొమ్ము పోతుంది, పేరు బ్లాకు లిస్టులోకి ఎక్కుతుంది. అంటే మన ఊరి పంచాయతీ ఆఫీసు గోడ కట్టేవాడికి ఒక అదుపు ఉంది.

అయితే నగరాల్లో జరిగే కట్టడాలలో సర్కారువి ఎన్ని? ఎటు చూసినా అపార్టుమెంట్లు, ప్రైవేటు ఇళ్లు, హాస్టళ్లు, షాపింగు కాంప్లెక్సులు. మన పిల్లలు పోయి చేరేది ఎక్కువగా ఈ పనుల్లోనే. అక్కడ ఈ క్లాసుల లెక్క లేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాలు బిల్డర్లు, ఇంజనీర్లు లైసెన్సు పొందాలని చెప్పాయి. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోగాని, ఎనిమిది ఫ్లాట్లకు మించిగాని కట్టి అమ్మే బిల్డరు రెరాలో నమోదు కావాలి. కొన్నవారి నుంచి తీసుకున్న సొమ్ములో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలి. ఇల్లు అప్పగించిన తర్వాత అయిదేళ్లలోపు కట్టుబడిలో లోపం బయటపడితే ఉచితంగా సరిచేయాలి. చాలా మంచి చట్టం. కాని అది కాపాడేది ఫ్లాటు కొన్నవాడిని. ఆ ఫ్లాటు కట్టేటప్పుడు గోవా కర్రల మీద నిలబడినవాడు దాని లెక్కలోకి రాడు.

పర్మిషన్ చూసేది కాగితాన్నే

నగరంలో ఇల్లు కట్టాలంటే పర్మిషన్ ఎలా వస్తుందో మన పాఠకులకు కొంత తెలియాలి. తెలంగాణలో 2020 నవంబరులో టీఎస్ బీపాస్ అనే పద్ధతి వచ్చింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి రూపాయి రుసుముతో నమోదు చాలునన్నారు. 500 చదరపు మీటర్ల స్థలం వరకు, పది మీటర్ల ఎత్తు వరకు యజమాని తానే ధ్రువీకరించి అర్జీ పెడితే వెంటనే అనుమతి. అంతకు మించితే 21 రోజుల్లో అనుమతి. 2025లో బిల్డ్‌నౌ అనే మరో పద్ధతి తెచ్చారు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ, చేతులు తడిపే బాధ తగ్గడం ఎవరికైనా సంతోషమే.

కాని ఈ పద్ధతులన్నీ చూసేది ప్లానును. రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు, ఎత్తు ఎంత, స్థలం చెరువు శిఖమా, పట్టానా అన్నవే. హైదరాబాదులో మరో సంగతి ఉంది. ఇతర మహానగరాల్లో స్థలాన్నిబట్టి మొత్తం ఇంతే కట్టాలని ఒక పరిమితి ఉంటుంది. 2006 నుంచి హైదరాబాదులో ఆ పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎంత ఎత్తయినా పోవచ్చు. 30, 40 అంతస్తుల భవనాలు అక్కడ లేస్తున్నాయంటే కారణం ఇదే. అంత పని ఉన్నచోటికి అంత కూలీ పోవలసిందే. పోతున్నవారిలో మనవారూ ఉన్నారు.

పెద్ద కంపెనీల సైట్లలో ఇంజనీర్లు ఉంటారు, తలకు టోపీ, నడుముకు బెల్టు ఇస్తారు. అసలు భయం మధ్యరకం భవనాలతోనే. రెండంతస్తులకు పర్మిషన్ తీసుకుని నాలుగు వేస్తారు. పునాది రెండింటికే, బరువు నాలుగింటిది. 2025 మార్చిలో భద్రాచలంలో కడుతున్న బహుళ అంతస్తుల భవనం కూలి ప్రాణాలు పోయిన సంగతి పాఠకులు మరచి ఉండరు. అదేమీ మహానగరం కాదు. అక్కడికీ ఈ జాడ్యం పాకింది.

ఈ జాడ్యానికి ప్రభుత్వాల చలవ కూడా ఉంది. అక్రమంగా కట్టినవాటిని రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకాన్ని ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర తెచ్చారు. 2015లో రెండు రాష్ట్రాలూ మళ్లీ తెచ్చాయి. మొదటిసారి దండుగ, రెండోసారి పండుగ అన్నట్లు తయారైంది. ఎప్పటికైనా రుసుము కట్టి బయటపడవచ్చునని ధైర్యం వచ్చాక ప్లాను ప్రకారం కట్టేవాడిని వెర్రివాడిగా చూస్తారు. రుసుముతో కాగితం క్రమబద్ధం అవుతుంది. సన్నని స్తంభం లావు కాదు కదా!

చేతులు మారిన పని

మార్కెట్టులో పని ఎలా నడుస్తుందో చూద్దాం. స్థలం యజమాని బిల్డరుకు ఇస్తాడు, కట్టిన ఫ్లాట్లలో వాటా తీసుకుంటాడు. బిల్డరు కాంట్రాక్టరుకు ఇస్తాడు. కాంట్రాక్టరు అడుగుకింతని లేబరు కాంట్రాక్టు మాట్లాడతాడు. సెంట్రింగు ఒకరికి, ఊచ వంచి కట్టే పని ఒకరికి, కాంక్రీటు ఒకరికి, గోడలు, ప్లాస్టరింగు ఇంకొకరికి. ఒక్కొక్కరి కింద ఒక ముఠా మేస్త్రి. అతను మన ఊళ్లకు వచ్చి అడ్వాన్సులిచ్చి జనాన్ని రైలెక్కిస్తాడు. పై నుంచి కిందికి వచ్చేసరికి ప్రతివాడూ తన వాటా మిగుల్చుకుంటాడు. చివరి మేస్త్రికి మిగిలేది తక్కువ. ఆ తక్కువలో లాభం చూసుకోవాలంటే అతనికి దారులు రెండే. కూలి తగ్గించాలి, లేదా రోజులు తగ్గించాలి.

రోజులు తగ్గించడం ఎలాగంటే సెంట్రింగుతో. సెంట్రింగు సామాను చాలాచోట్ల అద్దెది. నిలబెట్టిన ప్రతి రోజూ అద్దె పెరుగుతుంది. భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 456 అనే నిబంధనావళిలో ఎన్నాళ్లుంచాలో స్పష్టంగా రాసింది. మామూలు సిమెంటుతో పోసిన శ్లాబు నాలుగున్నర మీటర్ల వెడల్పు వరకు ఉంటే కింది పోట్లు ఏడు రోజులు, అంతకు మించితే 14 రోజులు తీయకూడదు. బీములకు ఆరు మీటర్ల వరకు 14 రోజులు, ఆపైన 21 రోజులు. ఈ ముక్క తెలిసిన మేస్త్రులు ఎందరు? తెలిసినా, అద్దె పెరుగుతోందని కాంట్రాక్టరు తొందర పెడితే కాదనగలవారు ఎందరు? శ్లాబు కింద పోట్లు తీసేవాడు కూలీ. శ్లాబు కూలితే కింద పడేవాడూ కూలీయే.

మన మేస్త్రులను తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. పన్నెండేళ్ల వయసులో గమేళా మోసి, తాపీ పట్టి, ఇరవై ఏళ్లు పని నేర్చి పెద్ద మేస్త్రి అయినవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఇంజనీరు గీసిన గీతలో తప్పు పట్టగల దిట్టలు ఉన్నారు. బాధ ఏమంటే, అటువంటివారికీ, నిన్న కూలీగా ఉండి ఇవాళ పదిమందిని వెంటేసుకుని మేస్త్రినన్నవాడికీ తేడా చెప్పే కాగితం ఒక్కటీ లేదు. తేడా తెలియనప్పుడు బిల్డరు చూసేది ఎవరు తక్కువకు చేస్తారన్నదే. పనితనం ఉన్నవాడు ఓడిపోతాడు, రేటు తగ్గించినవాడు గెలుస్తాడు.

కాంట్రాక్టరు గోడు కూడా వినాలి

కాంట్రాక్టర్లందరూ దొంగలని తీర్మానించడం తేలిక. వారి కష్టం కూడా చెప్పక తప్పదు. సర్కారు పనుల్లో 2003 నుంచి కంప్యూటరు ద్వారా టెండర్లు వచ్చాక రింగులు కొంత తగ్గాయి, పోటీ పెరిగింది. మంచిదే. అయితే పోటీలో అంచనా రేటు మీద బాగా తగ్గించి కోట్ చేసినవాడు ఆ తగ్గించినదంతా ఎక్కడ రాబడతాడు? సిమెంటు కంపెనీ తగ్గించదు, ఇనుము వ్యాపారి తగ్గించడు. కంకర, ఇసుక ఊరికే రావు. తగ్గేది మళ్లీ కూలీ దగ్గరే, నాణ్యత దగ్గరే.

పన్నుల మాట ఒకటి. సర్కారు పనులపై జి.ఎస్.టి. 12 శాతం ఉండగా 2022 జూలైలో 18 శాతం చేశారు. సిమెంటుపై 28 శాతం ఉన్నదాన్ని 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి దించారు. పని ఒప్పుకున్న నాటికి ఒక రేటు, బిల్లు నాటికి ఇంకొకటి అయితే చిన్న కాంట్రాక్టరు లెక్క తారుమారవుతుంది. అన్నిటికంటే పెద్ద దెబ్బ బిల్లుల బకాయి. 2025 మార్చిలో చిన్న కాంట్రాక్టర్లు హైదరాబాదులో సచివాలయంలోనే బైఠాయించారంటే పరిస్థితి ఎంతవరకు వచ్చిందో ఊహించవచ్చు. తెలంగాణ పల్లెల్లో 2024 ఫిబ్రవరిలో పదవీకాలం ముగిసిన సర్పంచులు తాము అప్పు తెచ్చి చేయించిన పనుల బిల్లుల కోసం చాలాకాలం తిరిగారు. మన రాష్ట్రంలోనూ ఈ కథ కొత్తదేమీ కాదు. పని చేయించుకునేటప్పుడు ఓడ మల్లయ్య, బిల్లు అడిగితే బోడి మల్లయ్య.

బిల్లు ఆగితే కాంట్రాక్టరు వడ్డీకి తెస్తాడు. తెచ్చినా చాలకపోతే మేస్త్రికి ఆపుతాడు. మేస్త్రి కూలీకి ఆపుతాడు. కూలీ ఎవరికి ఆపుతాడు? బియ్యం కొట్టువాడు ఆగడు, పిల్లల ఫీజు ఆగదు. సచివాలయంలో ఆగిన ఫైలు చీపురుపల్లి మండలంలో ఒక ఇంట్లో పస్తుగా తేలుతుంది.

కూలీ పేరు మీద సొమ్ముంది, కూలీకి చేరదు

కట్టడ కార్మికుల కోసం 1996లో కేంద్రం చట్టం చేసింది. నిర్మాణ ఖర్చులో కనీసం ఒక శాతం సెస్సు వసూలు చేసి, సంక్షేమ బోర్డు పెట్టి, వారి ప్రమాద సాయానికి, ప్రసూతికి, పిల్లల చదువుకు ఖర్చు పెట్టాలన్నారు. 2025 నవంబరులో అమలుకు వచ్చిన లేబరు కోడ్‌లలో ఆ చట్టాన్ని కలిపేశారు. కనీసం ఒక శాతం సెస్సు, 18 నుంచి 60 ఏళ్ల వయసు, ఏడాదిలో 90 రోజుల పని అనే నిబంధనలు అందులోనూ ఉన్నాయి.

మరి ఆ సొమ్ము ఏమైంది? 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో లెక్క ఉంది. దేశం మొత్తంమీద 37,400 కోట్ల రూపాయలకు పైగా వసూలైతే ఖర్చయినది దాదాపు 9,500 కోట్లు. మిగిలిన 28,000 కోట్లు ఎందుకు కార్మికులకు చేరలేదని కోర్టే నిలదీసింది.

చేరకపోవడానికి ఒక కారణం మనకు బాగా తెలిసినదే. బోర్డు రాష్ట్రానికొకటి. మన మనిషి కట్టేది హైదరాబాదులో, సెస్సు జమయ్యేది తెలంగాణ బోర్డులో. అతని ఆధారు, రేషన్ కార్డు ఇక్కడివి. అక్కడ పేరు నమోదు చేయించుకోడు. ఇక్కడికి వచ్చి చేయిద్దామంటే 90 రోజులు పని చేశాడని రాసిచ్చేవాడు లేడు. మేస్త్రి తన పేరే ఎక్కడా లేకుండా చూసుకుంటాడు, కూలీ పేరు ఎందుకు రాస్తాడు?

కొత్త కోడ్‌లలో మరో చిక్కు వచ్చి పడింది. 1970 నాటి కాంట్రాక్టు లేబరు చట్టం 20 మంది కూలీలున్న కాంట్రాక్టరుకు వర్తించేది. ఇప్పుడు 50 మంది ఉంటేనే. 50 లక్షల లోపు ఖర్చుతో కట్టుకునే సొంత ఇంటికి సెస్సు లేదు. మధ్యతరగతివాడికి ఊరట కలిగిందంటే కాదనం. కాని ఇరవై, ముప్పయి మందితో పని చేయించే ముఠా మేస్త్రి ఏ రిజిస్టరులోకీ రాకుండా జారిపోతున్నాడు. మన వారు ఎక్కువగా ఉండేది అతని కిందనే.

లైసెన్సు అంటే లంచమే కదా అంటారా?

మళ్లీ లైసెన్సులా, ఉన్న ఆఫీసులకు లంచాలు చాలలేదా అని కొందరు అడుగుతారు. నిజమే, ఆ భయం ఉట్టిది కాదు. అక్షరం రాని మేస్త్రిని పది కాగితాలు తెమ్మంటే అతను దళారి చేతిలో పడతాడు. పని నేర్చిన పేదవాడు బయట ఉండి, డబ్బున్నవాడు లైసెన్సు కొనుక్కుంటాడు.

అందుకే అడిగే లైసెన్సు కాగితం చూసి ఇచ్చేది కాకూడదు, పని చూసి ఇచ్చేది కావాలి. ఒక పాలిటెక్నిక్‌లోనో, ఐ.టి.ఐ.లోనో రెండు రోజులు పెట్టి, స్తంభానికి ఊచ కట్టమని, శ్లాబుకు పోట్లు నిలబెట్టమని చూసి, తెలుగులో నాలుగు ప్రశ్నలు నోటితో అడిగి ఇస్తే చాలు. వైర్‌మన్‌కు పరీక్ష పెట్టగలిగిన ప్రభుత్వం తాపీ మేస్త్రికి పెట్టలేదా? ఫోటోతో కార్డు ఇస్తే అదే అతనికి మార్కెట్టులో విలువ తెస్తుంది. అప్పుడు రేటు దగ్గర తలవంచనక్కరలేదు. పోట్లు ముందే తీయమన్న కాంట్రాక్టరుతో, నా కార్డు పోతుందండీ అని చెప్పే ధైర్యం వస్తుంది.

ప్రభుత్వం చేయవలసినవి

ఒకటి. భవనానికి పర్మిషన్ ఇచ్చేటప్పుడు యజమాని పేరు, ఇంజనీరు పేరుతోపాటు కాంట్రాక్టరు పేరు, పెద్ద మేస్త్రి పేరు కూడా రాయించాలి. ఆ పేర్లు, ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో ఆ సంఖ్య సైటు ముందు పెద్ద అక్షరాలతో తెలుగులో బోర్డు మీద ఉండాలి. పైన పనిచేసే కూలీకి తాను ఎక్కినది అనుమతి ఉన్న అంతస్తో, లేని అంతస్తో తెలియాలి.

రెండు. సెస్సు ఎక్కడ జమ అయినా సాయం మనిషి వెంట రావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బోర్డులు ఒకరి కార్డును ఇంకొకరు గుర్తించాలి. అసంఘటిత కార్మికులకోసం 2021 ఆగస్టులో కేంద్రం ఇ-శ్రమ్ నమోదు ప్రారంభించింది. ఆ సంఖ్యనే ఆధారంగా తీసుకుంటే సరిపోతుంది.

మూడు. చిన్న పనుల బిల్లులు గడువు పెట్టి చెల్లించాలి. గడువు దాటితే వడ్డీ ఇవ్వాలి. ఆలస్యం చేసే ప్రభుత్వానికి నాణ్యత గురించి కాంట్రాక్టరును అడిగే నైతిక హక్కు ఎక్కడిది?

నాలుగు. అక్రమ అంతస్తులను క్రమబద్ధం చేసే పథకాలలో స్ట్రక్చరల్ ఇంజనీరు పరీక్ష లేకుండా ఒక్క అర్జీ కూడా పాసు కాకూడదు.

మనం చేసుకోదగినవి

అన్నీ ప్రభుత్వమే చేయాలని కూర్చుంటే జరిగేది కాదు. ఊరి నుంచి ముఠా కదిలేటప్పుడు మేస్త్రి పేరు, ఫోను నంబరు, నగరంలో సైటు ఎక్కడ, అతనిపైన కాంట్రాక్టరు ఎవరు, ఎవరెవరు వెళుతున్నారు అన్నది గ్రామ సచివాలయంలోనో, పంచాయతీ ఆఫీసులోనో ఒక పుస్తకంలో రాయించాలి. దీనికి జి.ఓ. అక్కరలేదు, ఊరి పెద్దలు తలచుకుంటే చాలు. ప్రమాదం జరిగినప్పుడు ఫలానావాడు మా దగ్గర పనిచేయలేదని బిల్డరు బొంకితే ఆ పుస్తకమే సాక్ష్యం.

కూలి ఇచ్చిన తేదీలు, మొత్తాలు కూలీ తన పుస్తకంలో రాసుకోవాలి. వీలైతే డబ్బు బ్యాంకు ఖాతాలో వేయమనాలి. 90 రోజుల పని రుజువుకు అది పనికొస్తుంది.

పనిలో ప్రాణం పోయినా, కాలో చెయ్యో పోయినా నష్టపరిహారం కోసం హైదరాబాదులోనో, చెన్నైలోనో దావా వేయాలని చాలామంది అనుకుంటారు. బాధితుల కుటుంబం నివసించే చోట కూడా కార్మిక శాఖ అధికారి ఎదుట దావా వేయవచ్చునని చట్టంలోనే ఉంది. కట్టి అమ్మే వ్యాపారం చేసే బిల్డరు, కూలీలు మా మేస్త్రి వాళ్లు అని తప్పించుకోలేడు. పని ఒప్పగించిన అసలు యజమానిగా అతని మీదా బాధ్యత ఉంటుంది. శవంతోపాటు చేతిలో పెట్టిన కొద్దిపాటి డబ్బు తీసుకుని తెల్ల కాగితం మీద వేలిముద్ర వేసి రావద్దని ప్రతి ఇంటికీ చెప్పాలి.

చివరగా మన మేస్త్రులకు ఒక మనవి. మీ వెంట వచ్చేది మీ ఊరివారే, మీ చుట్టాలే. కాంట్రాక్టరు తొందర పెడతాడు, పోయేది అతని అద్దె. మీరు తొందరపడితే పోయేది మీ బావమరిది ప్రాణం. ఏడు రోజులంటే ఏడు రోజులే. 14 రోజులంటే 14 రోజులే. ప్రభుత్వం మీకు లైసెన్సు ఇచ్చే రోజు ఎప్పుడు వస్తుందో తెలియదు. అంతవరకు మీ ఊరు మిమ్మల్ని నమ్మి తన పిల్లలను పంపుతోంది. ఆ నమ్మకమే మీ లైసెన్సు. దాన్ని రద్దు కానివ్వకండి.

– గ్రామీణ విలేకరి